పచ్చ తలుపు ఇంటి బాల్కనీ

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకం ఎరువుల కంపెనీవాళ్ళు కోడలికి ఊరికే ఇచ్చారు. అట్ట మీద టమాటా బొమ్మ ఉంది. కోడలికి అన్నీ ఫోన్‌లోనే కాబట్టి ఇది నా పాలబడింది. నా చదువు ఐదో క్లాసు. ఆరో క్లాసుకి నేనే వెళ్ళనన్నానో, వాళ్ళే రావద్దన్నారో ఇప్పుడు గుర్తులేదు. నాలుగు ముక్కలు రాయగలను, అది చాలు.

ఎందుకు రాస్తున్నానంటే, ఇవాళ ఒక అబద్ధం చెప్పాను. నిజమైతే దానంతటదే గుర్తుంటుంది. అబద్ధాన్ని ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోకపోతే రేపు ఇంకోలా చెప్పి దొరికిపోతాను.

జరిగింది ఇది. పొద్దున కోడలి పూలషాపు షట్టరు ఎత్తేసరికి మెట్టు మీద కళ్ళజోళ్ళాయన నిలబడి ఉన్నాడు. వంతెన దగ్గర కళ్ళజోళ్ళ షాపు ఆయనది. అరవై ఉంటాయి. ఊరందరి చూపూ సరిచేసే మనిషి, మా మొక్కల మధ్య అరగంట తడుముకున్నాడు. చివరికి చేయి వేసింది కోడలు షోకి పెట్టుకున్న ప్లాస్టిక్ మొక్క మీద. దానికి నీళ్ళు పోయక్కర్లేదు, వారానికోసారి తుడిస్తే చాలు అన్నాను. నవ్వలేదు. నా మాటకి నవ్వని మనిషికి ఏదో పెద్ద కష్టమే ఉండాలి.

మనీప్లాంటు కుండీ తీసుకున్నాడు. కార్డు మీద "అక్కకి, తమ్ముడు" అని మాత్రం రాశాడు. మార్కెట్ వెనక వీధిలో పచ్చ తలుపు ఇల్లు. ఆయన పుట్టి పెరిగిన ఇల్లే. ఏడేళ్ళుగా అక్కతో మాటల్లేవట. ఇక నుంచి ప్రతి సోమవారం ఒక కుండీ పంపాలట. కోడలు ఆర్డరు రాసుకుంటుంటే నన్ను పక్కకి పిలిచాడు.

"పెద్దాయనా, కుండీ ఇచ్చేసి వచ్చేయకు. అక్క ఏమంటుందో విని, ఒక్క మాట తగ్గించకుండా నాకు చెప్పు."

సైకిల్ వెనక బుట్టలో కుండీ పెట్టుకుని వెళ్ళాను. తలుపు తీసినావిడ పొడుగ్గా, కొలబద్దలా నిటారుగా ఉంది. స్కూల్లో పెద్ద టీచరుగా చేసి రిటైరైందట. ఆ సంగతి ఎవరూ చెప్పకపోయినా నా మోకాళ్ళు కనిపెట్టేవి. కార్డు చదివింది. కుండీని ముట్టుకోలేదు.

"పంపినవాడికి కాళ్ళు లేవా అని అడుగు" అంది. తలుపేసింది.

కోపంలో అన్నదేలే, మనసు మారుతుందని కుండీ మెట్టు మీద పెట్టి, రూలు ప్రకారం ఫోటో తీసి, కాసేపు నిలబడ్డాను. తలుపు మళ్ళీ తెరుచుకుంది. "ఇంకా ఉన్నావా? అది తీసుకెళ్ళు" అంది.

కోడలి షాపులో గోడ మీద మూడు రూళ్ళు రాసి ఉంటాయి. గుమ్మం దగ్గర ఫోటో తీయాలి. తీసుకున్నవాళ్ళ చేత రసీదు పుస్తకంలో సంతకం పెట్టించాలి. వద్దంటే పంపినవాళ్ళకి ఆ గుమ్మం దగ్గర్నుంచే ఫోన్ చేయాలి. నాకు మూడూ కంఠతా వచ్చు.

ఫోన్ చేయలేదు. మొహం చూసి చెబుదామని వెనక్కి వచ్చాను. సందు మలుపు తిరిగేసరికి షాపు మెట్టు మీద ఆయన. తన షాపు తీయలేదు, అక్కడే నిలబడి సైకిళ్ళన్నిటినీ చూస్తున్నాడు. ఆ మొహం మీద ఆ మాట ఎలా వేయను? సైకిల్ వెనక్కి తిప్పి, మా ఇంటికి పోయి, మేడమెట్ల మలుపులో కుండీ దించి, సంతకం నేనే గీసి, షాపుకి వచ్చాను.

"తీసుకుంది. నవ్వింది" అన్నాను.

ఎలా నవ్విందని అడిగాడు. పళ్ళు కనిపించేలా అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, అది మురిగ్గా ఏమీ లేదు.

ఆయన కోసమే చెప్పాను. అంతే.

మార్చి 4, మంగళవారం

తీసుకుంది. నవ్వింది. పళ్ళు కనిపించాయి. గుర్తుపెట్టుకోవాలి.

మార్చి 10, సోమవారం

ఇవాళ ఎర్ర జెర్బెరా పూల కుండీ. పచ్చ తలుపావిడ నేను బెల్లు నొక్కకముందే తలుపు తీసింది. నన్ను చూసింది, నా వెనక వీధి చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

అడిగావా అంది. అడిగానండి అన్నాను. ఏమన్నాడు అంది. ఏమీ అనలేదండి అన్నాను. అది అబద్ధం కాదు. ఆయన నిజంగానే ఏమీ అనలేదు.

అయితే ఇంకోసారి అడుగు అని తలుపేసింది. ఫోటో తీశాను. మెట్ల మలుపులో రెండు కుండీలయ్యాయి.

కళ్ళజోళ్ళాయన ఈసారి షాపులో స్టూలు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. చూడగానే లేచి నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డాను, నేను వస్తుంటే లేచి నిలబడ్డ మనిషిని చూడటం ఇదే మొదలు. ఎండలో తిరుగుతున్నావని మీ అక్క స్టీలు గ్లాసుతో మంచినీళ్ళిచ్చిందని చెప్పాను. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "చిన్నప్పుడు మా ఇంటికి పోస్టుమాన్ వచ్చినా అక్క అంతే, నీళ్ళివ్వకుండా పంపేది కాదు" అన్నాడు. చూశావా, నా అబద్ధం కూడా ఆవిడ పోలికతోనే పుట్టింది.

పోయిన వారం కుండీ ఎక్కడ పెట్టిందని అడిగాడు. నోరు ఊరుకోదు కదా. వెనక బాల్కనీలో అన్నాను.

ఆయన నన్ను ఓసారి చూసి, డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

మార్చి 11, మంగళవారం

కళ్ళజోళ్ళాయన మధ్యాహ్నం పనేమీ లేకపోయినా వచ్చాడు. చామంతుల దగ్గర నిలబడి, చామంతుల్ని అడుగుతున్నట్టు అడిగాడు, అక్క వెనక బాల్కనీ కట్టించిందా అని.

అప్పుడు గుర్తొచ్చింది, అది ఆయన పెరిగిన ఇల్లు. కట్టించిందన్నాను. రైలింగు కూడా పెట్టించింది, తెల్ల రంగు అన్నాను. కోడలు రిబ్బను కత్తిరిస్తూ తలెత్తి నన్ను చూసింది.

సాయంత్రం సైకిల్ వేసుకుని పచ్చ తలుపు ఇంటి వెనక్కి వెళ్ళి చూశాను. ఆ ఇంటి వెనక పిండిమిల్లు. మిల్లు గోడకీ ఇంటి గోడకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడవగలిగేంత సందు. బాల్కనీ కాదు కదా, పిల్లి కూర్చునే గట్టు కూడా లేదు.

మార్చి 17, సోమవారం

మందారం, మొగ్గతో.

ఆవిడ ఇవాళ కూడా ఏమీ అనలేదా అంది. లేదండి అన్నాను. తలుపు రెక్క పట్టుకుని అలాగే నిలబడింది. నేనెప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే రకం. "మందారం కూడా ఏమీ అనదండి, ఎర్రగా చూస్తుందంతే" అందామనుకున్నాను. అనకుండా కుండీ మెట్టు మీద పెట్టాను.

"అమ్మ పోయిన రోజు కూడా ఇలాగే తలుపు కొట్టారు. తెరిస్తే పూలు" అంది. నాకు అర్థం కాలేదు.

కళ్ళజోళ్ళాయనకి నేను చెప్పింది: మందారం మొగ్గని చూసి, రేపటికి విచ్చుకుంటుంది అందని. ఆయన కోసమే.

మార్చి 19, బుధవారం

మా ఆవిడ ఉతికిన బట్టలు ఆరేయడానికి మేడెక్కుతూ మూడు కుండీల దగ్గర ఆగిపోయింది. ఈ వయసులో ఎవరికండీ దాస్తున్నారు అంది. నీకే, నీ పుట్టినరోజుకి అన్నాను. అయితే నా పుట్టినరోజు ఎప్పుడో చెప్పండి అంది. షాపులో పనుందని వచ్చేశాను.

తిరిగి వెళ్ళేసరికి మూడింటికీ నీళ్ళు పోసి ఉంది. మందారం విచ్చుకుంది. ఆ ఒక్కటి మాత్రం నిజమైంది.

మార్చి 24, సోమవారం

అక్షరాలు ఎలా వస్తే అలా రానీ, ఇవాళే రాసేయాలి.

ఇవాళ తెల్ల గులాబీ. ఆవిడ తలుపే తీయలేదు. కిటికీ తెర కొంచెం కదిలింది. "తీసుకెళ్ళు" అన్న మాట లోపల్నుంచి వినిపించింది, కోపంగా కూడా కాదు. ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. మెట్టు మీద పెట్టి ఫోటో తీశాను, బుట్టలో వేసుకున్నాను, నాలుగోసారి సంతకం గీశాను. ఆవిడ సంతకమని నేను గీసేది నాకిప్పుడు నా సంతకం కంటే బాగా వచ్చు.

షాపుకి వచ్చి, గులాబీ వాసన చూసి కళ్ళు మూసుకుందని చెప్పాను.

కళ్ళజోళ్ళాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వచ్చే సోమవారం కుండీ వద్దన్నాడు. ఆదివారం తనే వెళ్తాడట. కొత్త చొక్కా కుట్టడానికి ఇచ్చాడట.

"ఏడేళ్ళు ఆ వీధిలోకి అడుగుపెట్టలేకపోయాను, పెద్దాయనా. నీ మాటలు విన్నాకే ధైర్యం వచ్చింది. ఆదివారం నువ్వు నా పక్కన ఉండాలి."

ఉంటానన్నాను.

ఆదివారం ఈయన కొత్త చొక్కా వేసుకుని ఆ తలుపు కొడతాడు. నవ్విన అక్క, నీళ్ళిచ్చిన అక్క తీస్తుందనుకుంటాడు. ఆ అక్క నా పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. తీసేది ఇంకో మనిషి. తీస్తుందో లేదో కూడా తెలియదు. తీయకపోతే ఆయన ఇక జన్మలో ఆ వీధి వైపు చూడడు.

మార్చి 25, మంగళవారం

చెప్పాలి. రేపు చెప్తాను.

మార్చి 26, బుధవారం

వంతెన దాకా వెళ్ళి సైకిల్‌కి గాలి కొట్టించుకుని వచ్చాను. గాలి నిండుగానే ఉంది.

మార్చి 27, గురువారం

ఆయనే షాపుకి వచ్చాడు. మీ అక్క ఆదివారం ఊళ్ళో ఉండదేమో, ఎవరింటికో వెళ్తానంది అన్నాను. అయితే శనివారమే వెళ్దాం అన్నాడు. లేదు లేదు, అది వచ్చే ఆదివారమట, నేనే తప్పు విన్నాను అన్నాను. ఈ వయసులో కాళ్ళతో పరిగెత్తితే ఆయాసమని తెలుసు గానీ నాలుకతో పరిగెత్తినా ఇంత ఆయాసమని తెలియదు.

మార్చి 28, శుక్రవారం

దొరికిపోయాను. కోడలికి.

మా ఆవిడకి నడుము పట్టేసిందని ఇవాళ బట్టలు కోడలు ఆరేసింది. మెట్ల మలుపులో నాలుగు కుండీలు, నాలుగింటికీ మా షాపు చీటీ. కిందకి వచ్చి నా ఫోన్ అడిగింది. ఇచ్చాను. నాలుగు ఫోటోలూ వరసగా చూసింది. ఒక్కదాంట్లోనూ చేయి లేదు, మనిషి లేదు, మెట్టు మీద కుండీ ఒక్కటే. తర్వాత షాపుకి వచ్చి రసీదు పుస్తకం తెరిచింది.

నేను మేనేజరమ్మా అని పిలిచి ఏడిపించినప్పుడల్లా నవ్వి ఊరుకునే పిల్ల. ఇవాళ మేనేజరమ్మా అన్నా తల ఎత్తలేదు. ఎందుకిలా చేశారని కూడా అడగలేదు. అడిగితే ఆయన కోసమే అని సిద్ధంగా ఉన్నాను.

"మామయ్యా, మనమే వెళ్ళి ఇస్తామని నమ్మి కదా మనుషులు ఇంటి దగ్గర కూర్చుంటారు. ఆయన ఎల్లుండి ఆ గుమ్మం ముందు నిలబడితే పక్కన నిలబడేది మీరు. రేపటిలోగా మీ నోటితో చెప్పండి. లేదంటే నేను ఫోన్ చేస్తాను" అంది.

అని గులాబీల ముళ్ళు గీకడానికి కూర్చుంది. ఆ చప్పుడు నా వీపు మీద గీకినట్టుంది.

మా ఆవిడకి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "లేచి నిలబడ్డాడని రాశారే, అదే మీకు నచ్చింది" అంది. నా పుస్తకం చదివిందన్నమాట. ఎప్పుడు చదివావంటే, మందారానికి నీళ్ళు పోసిన రోజే అంది.

ఆయన కోసమే అని రాయబోయి ఆగాను.

మార్చి 29, శనివారం

చాలా రాయాలి.

పొద్దున కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. ఊరికే వచ్చానంటే వినకుండా, నీ చూపు చూస్తానని కుర్చీలో కూర్చోబెట్టాడు. బరువైన ఫ్రేము ముక్కుకి తగిలించి అద్దాలు మార్చుతూ, కింద వరస కనపడుతోందా అన్నాడు. కనపడుతోంది, ఇంగ్లీషు అక్షరాలు చదవడమే రాదన్నాను. నవ్వాడు. నాలుగు వారాల్లో నేను నిజం చెప్పి నవ్వించింది అదొక్కటే.

మొహం మొహానికి జానెడు దూరం. ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. ఆయనే మొదలుపెట్టాడు.

ఏడేళ్ళ క్రితం వాళ్ళమ్మతో ఏదో చిన్న మాట మీద తగువై ఆర్నెల్లు ఇంటికి వెళ్ళలేదట. ఈలోపు ఆవిడ పోయింది. కబురు వచ్చింది. బయల్దేరాడు. ఆ వీధి మలుపులో టైర్ల షాపు ఉంది కదా, అక్కడిదాకా వెళ్ళాడట. ఇంటి ముందు జనం, గుమ్మంలో అక్క కనిపించారు. అడుగు ముందుకి పడలేదట. వెనక్కి వచ్చి, ఒక పూలషాపుకి ఫోన్ చేసి, పెద్ద పూలదండ పంపించాడట.

"అమ్మ దగ్గరికి నా బదులు పూలు వెళ్ళాయి" అన్నాడు.

నా కళ్ళకి ఆయన అద్దాలున్నాయి. అందుకో ఏమో, ఒక్కసారి అంతా స్పష్టంగా కనపడింది. పంపినవాడికి కాళ్ళు లేవా అని అడుగు. తిట్టనుకుని నేను మింగేసిన ఆ ముక్క. నాలుగు వారాలుగా నేను చేరవేయాల్సింది అదొక్కటే. మిగతావన్నీ కుండీలు.

ఆయనకి ఏమీ చెప్పలేదు. ఫ్రేము తీసి బల్ల మీద పెట్టి, ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళాలనుకుంటూ వచ్చేశాను.

నాలుగు కుండీలూ తీసుకున్నాను. రెండు బుట్టలో, రెండు సంచుల్లో పెట్టి హ్యాండిల్‌కి తగిలించి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళాను. ఈ పుస్తకం చొక్కాలో దోపుకున్నాను. పచ్చ తలుపావిడ కిటికీలోంచి కుండీలు లెక్కపెట్టుకున్నట్టుంది, తలుపు తీసింది. మీ తమ్ముడు పంపలేదు, నేనే వచ్చానన్నాను. లోపలికి రమ్మంది, కూర్చోమనలేదు.

నిలబడే చెప్పాను, మీరు అనని మాటలు మీ తమ్ముడికి చెప్పానని. చెప్పింది సరిగా వినపడనట్టు, నేనేమన్నానని చెప్పావో అది చెప్పు అంది. పుస్తకం తీసి చదివాను. క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో వరస కింద వేలు పెట్టుకుంటూ. 'నవ్వింది, పళ్ళు కనిపించాయి' అన్న చోట ఆవిడ మూతి ఇంకా బిగించింది. నీళ్ళిచ్చానా అంది. ఇచ్చారండి, స్టీలు గ్లాసులో అన్నాను. బాల్కనీ దగ్గరికి వచ్చేసరికి లేచి, నన్ను వంటింట్లోంచి నడిపించి, పెరటి తలుపు తీసింది. ఎదురుగా మిల్లు గోడ. తెల్లగా పిండి.

"చూపించు" అంది.

నేల చూశాను.

తలుపేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. అడిగానని నాతో చెప్పావా లేదా అంది. చెప్పాను అన్నాను. ఏమీ అనలేదని చెప్పావా అంది. చెప్పాను. వాడిని ఒక్కసారైనా అడిగావా అంది.

"లేదండి."

"నేను అడిగించాననుకున్నాను. అడిగిస్తే జవాబుగా ఇంకో కుండీ పంపాడనుకున్నాను. సోమవారం సోమవారం. వాడు రాలేదని నేనెప్పుడూ ఎవరి దగ్గరా ఏడవలేదు. ఈ నెల ఏడ్చాను."

పుస్తకం మూసేశాను. ఆయన కోసమే అని ఇన్నిసార్లు రాశానే, ఈవిడ సంగతి ఒక్కసారి కూడా రాయలేదు.

రేపు ఆయన వస్తున్నాడని చెప్పాను. నిజంగానే, తన కాళ్ళతోనే అన్నాను. ఆవిడ కుండీల వైపు చూసింది.

"నీ అబద్ధాల మీద నడిచి రావడం నాకక్కర్లేదు. రావద్దని చెప్పు. ఇది మాత్రం ఒక్క మాట తగ్గించకుండా చెప్పు. ఇవి తీసుకెళ్ళు."

నాలుగు కుండీలతో వెనక్కి వచ్చాను. మా ఆవిడ ఏమీ అడక్కుండా ఒక్కొక్కటీ అందుకుని మెట్ల మలుపులో పెట్టింది.

మార్చి 30, ఆదివారం

పది గంటలకి వచ్చాడు. లేత నీలం చొక్కా, ఇస్త్రీ మడతలు కత్తిలా ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద గులాబీ కుండీ కావాలన్నాడు. కోడలు కుండీ తీయలేదు, నా వైపు చూసింది.

స్టూలు మీద కూర్చోమన్నాను. పుస్తకం ముందు పెట్టుకుని మొదటి సోమవారం నుంచి నిన్నటి దాకా చెప్పాను. ఆవిడ నిజంగా అన్నవి, నేను అల్లినవి, ఆవిడకి నేను చెప్పిన అబద్ధం, ఆవిడ ఏడ్చానన్నది. చివర్లో రావద్దందని కూడా చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా. తగ్గించాలని నాలుక ఎంత లాగిందో నాకే తెలుసు.

కొడతాడనుకున్నాను. కోడలు కూడా దగ్గరికి జరిగింది.

ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, బాల్కనీ లేదని నాకు తెలుసు అన్నాడు. ఆ గోడకి బంతి కొట్టుకుంటూ పెరిగినవాణ్ణి అన్నాడు. రెండో వారం నుంచే తెలుసట. మరెందుకు ఊరుకున్నారు అంది కోడలు. వినడానికి బాగుండేదమ్మా అన్నాడు. సగమైనా నిజమేమో అనుకునేవాడట. ఇవాళ కూడా ఆ సగాన్ని నమ్ముకునే బయల్దేరాడట.

తర్వాత నన్ను అడిగాడు, మొదటి రోజు అన్న మాట మళ్ళీ చెప్పమని. చెప్పాను. పంపినవాడికి కాళ్ళు లేవా అని అడుగు.

"ఇది అక్క మాట" అన్నాడు. "నువ్వు చెప్పినవాటిల్లో ఆ నీళ్ళ గ్లాసు తప్ప ఒక్కటి కూడా అక్కలా లేదు. ఇది అక్కే."

లేచాడు. చేయి గులాబీ కుండీ మీదకి పోయింది. ఆ చేయి నేను పట్టుకుని దించేశాను. ఏమీ పట్టుకోకుండా రావాలి అన్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టాడు, తీశాడు, వెనక కట్టుకున్నాడు. పిల్లాడిలా ఉన్నాడు.

నడిచే వెళ్ళాం. నేను సైకిల్ పక్కన నడిపించుకుంటూ. మార్కెట్ దాటాం, వెనక వీధిలోకి తిరిగాం, టైర్ల షాపు దగ్గరికి వచ్చాం.

ఆగిపోయాడు.

అక్కడి నుంచి పచ్చ తలుపు కనపడుతుంది. మూసి ఉంది. ఆయన మొహం తెల్లబడింది. చొక్కా వీపు తడిసిపోయింది. ఒక నిమిషం, రెండు, ఐదు. టైర్ల షాపు మనిషి నా సైకిల్ చూసి పంచరా అన్నాడు. కాదన్నాను. కళ్ళజోళ్ళాయన ఒకడుగు వెనక్కి వేశాడు. రావద్దంది కదా అన్నాడు. రేపు చూద్దాం అన్నాడు. నాకు ఆ గొంతు తెలుసు. పోయిన బుధవారం గాలి కొట్టించుకున్నప్పుడు నాలోనూ అదే గొంతు.

నేను వంగి ఆయన పాదాలకేసి చూశాను. ఎడమది చూశాను, కుడిది చూశాను.

"రెండూ ఉన్నాయి" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. నవ్వా ఏడుపా తెలియని చప్పుడొకటి చేసి, తిరిగి నడిచాడు. నేను వెళ్ళలేదు. సైకిల్ పట్టుకుని అక్కడే ఉన్నాను.

తలుపు కొట్టాడు. తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టలేదు, అలాగే నిలబడ్డాడు. చేతులు పక్కన వేలాడుతున్నాయి, ఖాళీగా. నేను సైకిల్ బెల్లు మీద వేలు పెట్టి, ఎక్కడ నొక్కేస్తానో అని తీసేశాను.

తలుపు తెరుచుకుంది. ఆవిడ ఆయన మొహం చూడలేదు. ముందు చేతులు చూసింది. తర్వాత కింద కాళ్ళు చూసింది. ఆయన ఏదో అన్నాడు. ఆవిడ ఏదో అంది. పక్కకి జరగలేదు. ఆయన ఇంకేదో అన్నాడు. అప్పుడు ఆవిడ తలుపు వేయకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. వెళ్ళు వెళ్ళు అని చేయి ఊపాను. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు.

ఇంటికి వచ్చాక కోడలు ఏమనుకున్నారని అడిగింది. వినపడలేదన్నాను. మా ఆవిడ అడిగింది. వినపడలేదన్నాను. ఇద్దరూ నమ్మలేదు. మీకు వినపడకపోవడమేంటి, వినపడనివి కూడా చెప్తారుగా అంది మా ఆవిడ.

నిజంగా వినపడలేదు. కాబట్టి ఇక్కడ ఏమీ రాయను.

మార్చి 31, సోమవారం

కోడలు సైకిల్ తాళంచెవి తీసేసుకుంది. నెల రోజులు డెలివరీలు లేవు, కుండీలు కడగాలి. మేనేజరమ్మ గారి దయ అన్నాను. నవ్వు ఆపుకుంది గానీ తాళంచెవి ఇవ్వలేదు.

మధ్యాహ్నం మోచేతుల దాకా బురదతో ఉన్నప్పుడు కళ్ళజోళ్ళాయన వచ్చాడు. నిన్నటి నీలం చొక్కాయే. ఒక భుజం మీద తెల్లగా పిండి అంటుకుని ఉంది. నేను లేచి నిలబడ్డాను. ఏం చెప్తాడో ఆయన పెదాల మీద చదవబోయాను, చేతకాలేదు. ఇన్నాళ్ళూ ఆయన ఆ స్టూలు మీద ఎలా కూర్చున్నాడో ఇప్పుడు తెలిసింది.

"అక్క నీకో మాట చెప్పమంది. ఒక్క మాట తగ్గించకుండా చెప్పమంది."

చెప్పండి అన్నాను.

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. పొద్దున సందులో తనచేత టేపు పట్టించిందట. పొడవు, వెడల్పు, ఎత్తు, అన్నీ టీచరు చేతిరాతలో ఉన్నాయి.

"'ఆ పెద్దాయన వెనక బాల్కనీ పని ఎప్పుడు మొదలుపెడతాడో కనుక్కో. రైలింగు తెల్ల రంగే కావాలి. అప్పటిదాకా నా నాలుగు కుండీలకీ నీళ్ళు పోస్తుండమను.' ఇంతే అంది. ఇంకేమీ అనలేదు."

నవ్విందా అని అడగబోయాను. అడగలేదు.

చేతులు కడుక్కుని, బల్ల మీది రసీదు పుస్తకం తెరిచాను. అందింది అని రాసి, కింద సంతకం పెట్టాను. నెల రోజులుగా ఆవిడది గీసీ గీసీ, నాది సగంలో ఆగి గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది.